ధాతువు ఎప్పుడు ఔషధమగును?

శ్రీకాకుళమునకు ఆనుకొనియున్న అరసవల్లి క్షేత్రమున, మాఘ శుద్ధ సప్తమి నాడు తెల్లవారకమునుపే భక్తులు బారులు తీరుదురు. చూపు మందగించినవారు, చర్మవ్యాధులతో బాధపడువారు, బిడ్డల ఆరోగ్యమునకై మ్రొక్కుకొన్నవారు ఇంద్రపుష్కరిణిలో స్నానమాడి సూర్యనారాయణస్వామిని దర్శింతురు. ఆరోగ్యమును భాస్కరుని వలన కోరుకొనవలెనని పెద్దలు చెప్పిన మాటను మన ప్రాంతపువారు పుస్తకములలో చదివి నేర్చుకొనలేదు. తల్లి ఒడిలోనే నేర్చుకొనిరి.

మొన్నటి రథసప్తమి నాడు దర్శనానంతరము మండపమున కూర్చుండియుండగా ఉద్దానము వైపునుండి వచ్చిన ఒక యువకుడు నాయొద్దకు వచ్చెను. చేతిలో కాగితపు పొట్లమొకటి. అందు ఎర్రని మెత్తని పొడి. "పంతులుగారూ, మా అయ్యకి కిడ్నీలు పాడైపోనాయి. వారానికి రెండుమాట్లు డయాలసిస్ చేయిస్తన్నాం. ఊరూరా తిరిగే వైద్యుడొకాయన ఈ భస్మం ఇచ్చినాడు. మన ఋషులు చెప్పిందేనంట. పెట్టొచ్చునా?" అని యడిగెను. "నాయనా, పెట్టవద్దు. ముందు ఈ పొట్లం మీ డాక్టరుగారికి చూపించు" అని చెప్పి పంపితిని.

అంత వెంటనే అట్లు ఎందులకు చెప్పితినో అతనికి వివరించుటకు అప్పుడు సమయము లేకపోయెను. ఇట్టి ప్రశ్న మరి యెందరి మనస్సులలోనో ఉండును గనుక ఆ వివరణమును ఈ పత్రికాముఖమున మనవి చేయుచున్నాను.

ధాతుశబ్దమునకు మూడర్థములు

ధరించుట, పోషించుట అను అర్థముగల "ధా" నుండి ధాతుశబ్దము పుట్టినది. వైద్యులకు ధాతువులనగా రసము, రక్తము, మాంసము, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రము అను ఏడు. అవి దేహమును ధరించునవి. రసశాస్త్రజ్ఞులకు ధాతువులనగా బంగారము, వెండి, రాగి, ఇనుము, తగరము, సీసము మున్నగు లోహములు. అవి భూమి ధరించునవి. వైయాకరణులకు ధాతువులనగా భూ, కృ, హృ మున్నగు క్రియామూలములు. అవి భాషను ధరించునవి.

ఈ మూడవ అర్థము మొదటి రెంటిని గ్రహించుటకు మిక్కిలి తోడ్పడును. వ్యాకరణమున ధాతువును ఉన్నదున్నట్లు వాక్యములో వాడరాదు. "భూ" అనునది ప్రత్యయము చేరి "భవతి" అయినప్పుడే ప్రయోగార్హమగును. అంతేగాదు, చేరినదానిని బట్టి అర్థమే మారిపోవును. "హృ" అను ఒక్క ధాతువునుండియే ఆహారము వచ్చినది, విహారము వచ్చినది, సంహారమును వచ్చినది.

లోహముల విషయమును ఇట్టిదే. ముడిలోహము ఔషధము కాదు. అది దేనితో చేరినది, ఎంత మాత్రలో ఉన్నది, ఏ దేహములో ప్రవేశించుచున్నది అను మూడింటిని బట్టి అది ఆహారమో సంహారమో తేలును. మన ఇండ్లలోనే దీనికి నిదర్శనమున్నది. రాగిచెంబులోని తీర్థము మనకు పవిత్రము. అదే రాగిపాత్రలోగాని, కళాయి లేని ఇత్తడి గిన్నెలోగాని చింతపండు పులుసు కాచి నిలువయుంచినచో చిలుము పట్టి వాంతులు కలిగించును. లోహమొక్కటే, పులుపుతో చేరిన రూపము వేరు.

మరియొక మాట. ఆలయమున నుదుట ధరించు విభూతికిని, వైద్యులు చెప్పు భస్మమునకును పేరులో మాత్రమే పోలిక. విభూతి గోమయమునుండి వచ్చిన బూడిద. ఔషధభస్మము లోహమునుండియో ఖనిజమునుండియో సిద్ధమైనది. భస్మమను పేరు వినబడినంతనే దైవప్రసాదమను భావముతో నోట వేసికొనుట పొరపాటు.

అయస్సు: నిస్సందేహముగా మేలు చేసినది

లోహౌషధములలో ప్రాచీనులును ఆధునికులును ఏకగ్రీవముగా అంగీకరించినది ఇనుము. దేహము పాలిపోవు వ్యాధికి మనవారు పాండురోగమని పేరు పెట్టిరి. చరకసంహిత పాండుచికిత్సలో నవాయసచూర్ణమును చెప్పినది. తొమ్మిది మూలికాద్రవ్యములతో లోహచూర్ణమును చేర్చి చేయు యోగమది. సుశ్రుతుడు అయస్కృతి అను విధానమును వర్ణించెను.

నేటి వైద్యము చెప్పునదేమనగా, వయస్సు వచ్చిన మనుష్యుని దేహమంతటను కలిపి సుమారు 3 నుండి 4 గ్రాముల ఇనుము ఉండును. అందధికభాగము రక్తమునకు ఎరుపునిచ్చు హిమోగ్లోబిన్‌లో నుండి, మనము పీల్చిన ప్రాణవాయువును అంగాంగమునకు మోయుచున్నది. ఇనుము తగ్గినచో ఆ మోత తగ్గును. ఆయాసము, నీరసము, పాలిపోవుట కనబడును. అందుచేతనే గర్భిణీ స్త్రీలకు నాలుగవ నెలనుండి 180 దినములపాటు, ప్రసవానంతరము మరల 180 దినములపాటు, దినమునకొకటి చొప్పున మాత్రను ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా ఇచ్చుచున్నారు. ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉండును.

ఈ మాత్రలను ఆశా కార్యకర్త చేతినుండి తీసికొని అటకపై పెట్టువారు మన పల్లెలలో నేటికిని కలరు. విరేచనము నల్లగా వచ్చినదని భయపడి మానుదురు. అది ఇనుము వలన వచ్చు రంగేగాని అపాయము కాదు. కాఫీ, టీలతో వేసికొనరాదు. అవి ఇనుమును వంటబట్టనీయవు. నిమ్మరసముతో వేసికొనిన బాగుగా పట్టును. అయినను ఇనుముకూడ అందరికిని అమృతము కాదు. మన్యప్రాంతములలో కనబడు సికిల్‌సెల్ వ్యాధి, తలసీమియా ఉండి పలుమార్లు రక్తమెక్కించుకొన్నవారి దేహములో ఇనుము మితిమీరి పేరుకొని కాలేయమును, గుండెను చెరచును. అట్టివారు డాక్టరు నడుగక ఇనుపమాత్ర వేసికొనరాదు. పెద్దలు పెట్టరాని మాత్ర పిల్లలకు అందకుండ దాచుటయు ముఖ్యమే. గుప్పెడు ఇనుపమాత్రలు మింగిన పసివానికి ప్రాణాపాయము కలదు.

తుత్తునాగమును ఇట్టిదే. చిన్నబిడ్డలకు విరేచనములు పట్టినప్పుడు ఓ.ఆర్.ఎస్. నీళ్లతోపాటు జింకు మాత్రను, ఆరునెలలు దాటినవారికి దినమునకు 20 మిల్లీగ్రాములు, అంతకు చిన్నవారికి 10 మిల్లీగ్రాముల చొప్పున 14 దినములు ఇచ్చుట నేటి పద్ధతి. విరేచనములు కట్టిన పిమ్మటను పూర్తి దినములు ఇయ్యవలెను.

భస్మప్రక్రియ: శాస్త్రమెంత కఠినముగా చెప్పినది

కాలక్రమమున మన దేశమున రసశాస్త్రము వర్ధిల్లెను. ఆంధ్రదేశమున వైద్యులు తరతరములుగా ఆశ్రయించిన బసవరాజీయము సంస్కృతాంధ్రములు కలగలిసిన వైద్యగ్రంథము. అందును రసయోగములు కలవు. ఈ శాస్త్రము లోహమును వాడుకొమ్మని మాత్రమే చెప్పలేదు. ఎన్ని దాటిన పిమ్మట వాడవచ్చునో చెప్పినది.

మొదటిది శోధనము. లోహమును రేకులుగా కొట్టి, ఎర్రగా కాల్చి, నూనె, మజ్జిగ, గోమూత్రము, ఉలవకషాయము మున్నగువానిలో మరల మరల ముంచవలెను. రెండవది భావనము, మూలికారసముతో నూరుట. మూడవది మారణము, మూకుడులలో బంధించి, గోతిలో పిడకల నడుమ పుటము వేయుట. పుటము ఒకటితో ముగియదు. అభ్రకమునకు నూరు పుటములు, వేయి పుటములు వేసి శతపుటి, సహస్రపుటి అని పేరు పెట్టిరి.

ఆ పిమ్మట పరీక్షలు. వ్రేళ్ల నడుమ రుద్దినప్పుడు వ్రేలిగీతలలో దూరవలెను; అది రేఖాపూర్ణము. నిశ్చలజలముపై చల్లిన తేలవలెను, అది వారితరము. ఎండలో చూచిన లోహపు తళుకు కనబడరాదు, అది నిశ్చంద్రము. నేయి, తేనె, బెల్లము, గురువింద, వెలిగారముతో కలిపి కాల్చినను మరల లోహము కారాదు, అది అపునర్భవము. ఈ చివరి పరీక్ష మిక్కిలి యోచనతో కల్పింపబడినది. లోహము లోహముగా లేదనియు, మరియొక దానితో గట్టిగా చేరి క్రొత్త పదార్థమైనదనియు అది తెలుపును. నేటి ప్రయోగశాలలలో లోహభస్మమును పరీక్షించి అది ప్రధానముగా ఇనుపఆక్సైడనియు, యశదభస్మము జింకు ఆక్సైడనియు, కజ్జలి పాదరస గంధకముల సమ్మేళనమనియు చెప్పుచున్నారు. ధాతువు ప్రత్యయముతో చేరి పదమైనదన్నమాట.

అయితే ఇచ్చట ఒక సత్యమును దాచక చెప్పవలెను. నిప్పు సీసమును మార్చగలదుగాని లేకుండ చేయజాలదు. పాదరసము గంధకముతో చేరినను పాదరసము అందున్నట్లే. క్రొత్తరూపము కడుపులో ఎంత కరుగును, రక్తములో ఎంత చేరును, ఎంత కాలమునకు బయటికి పోవును అను ప్రశ్నలకు నీటిపై తేలుట, వ్రేలిగీతలలో దూరుట సమాధానము చెప్పవు. దానికి రక్తపరీక్ష, మూత్రపరీక్ష, తూనిక కావలెను. పూర్వులకు ఆ సాధనములు లేవు. ఉన్నచో వారు వానినికూడ పరీక్షలలో చేర్చియుండెడివారేగాని వలదని యుండెడివారు కారు. ఇన్ని పరీక్షలు కల్పించిన బుద్ధి మరియొక పరీక్షకు వెనుదీయదు.

నా దోషమొకటి

ఇంత చెప్పుటకు నాకు అర్హత వచ్చినది నా పాండిత్యము వలన కాదు, నా పొరపాటు వలన. పదునైదేండ్ల క్రిందట మా వీధివారొకరు మధుమేహమునకు ఒక మందు కొనుగోలు చేసి, "శాస్త్రిగారూ, ఇది నాగభస్మమట, మంచిదేనా?" అని నన్నడిగిరి. నాగమనగా సీసము. ప్రమేహమునకు నాగభస్మము శాస్త్రసమ్మతమని నేను గ్రంథములు తలచుకొని గర్వముతో చెప్పితిని. పొట్లమును చూడలేదు, చేసినదెవరని యడుగలేదు, నేను వైద్యుడను కానని చెప్పలేదు.

మూడు మాసములలో ఆయనకు కడుపులో మెలిపెట్టు నొప్పి, మలబద్ధము, దేహము పాలిపోవుట సంభవించెను. మణికట్టు బలహీనపడి చెంబు పట్టుకొనలేకపోయిరి. విశాఖపట్టణమున రక్తపరీక్ష చేయగా సీసము మితిమీరియున్నట్లు తేలినది. మందు ఆపించి, సీసమును పట్టి మూత్రముతో బయటికి పంపు చికిత్స చేసిరి. ఆయన కోలుకొనిరి, నన్ను ఒక్కమాట అనలేదు. గ్రంథములోని నాగభస్మమునకును, ఆ పొట్లములోని పొడికిని పేరొక్కటే పోలిక అని నాకు అప్పుడు తెలిసినది. మాన్యమైన గ్రంథమును చూపి, ఎవరో వండిన పొడికి పూచీపడితిని. ఆ దోషము నాదే.

ఇట్టివి ఇచ్చట మాత్రమే జరుగుచున్నవనుకొనరాదు. అమెరికాలోని బోస్టను నగరప్రాంతపు దుకాణములలో అమ్ముచున్న 70 ఆయుర్వేద ఔషధములను అచ్చటి వైద్యులు పరీక్షింపగా, 14 ఔషధములలో సీసము, పాదరసము, ఆర్సెనిక్ లలో ఏదో ఒకటిగాని అంతకుమించిగాని ఉన్నట్లు 2004లో ప్రకటించిరి. మన ప్రభుత్వము మూలికలతో మాత్రమే చేసి ఎగుమతి చేయు ఔషధములకు 2006 జనవరినుండి భారలోహముల పరీక్షను తప్పనిసరి చేసినది. సీసము పది లక్షల భాగములలో 10, పాదరసము 1, ఆర్సెనిక్ 3, కాడ్మియము 0.3 భాగములు మించరాదని హద్దులు. ఇక లోహములతోనే చేయు ఔషధముల సంగతి వేరు. 1940 నాటి ఔషధచట్టము క్రింద విషద్రవ్యముల పట్టిక యొకటి కలదు. అందున్నవి చేరిన ఆయుర్వేద ఔషధముపై, వైద్యపర్యవేక్షణలోనే వాడవలెనను హెచ్చరిక ముద్రింపవలెను. కావున చట్టమును, శాస్త్రమును ఒకే మాట చెప్పుచున్నవి: వైద్యుడు లేని భస్మము ఔషధము కాదు.

పాశ్చాత్యులును ఈ దారిలోనే నడచిరి

లోహౌషధములు మన దేశపు వింతయని కొందరు, పాతకాలపు మూఢత్వమని కొందరు అందురు. రెండును కావు. జర్మనీలో పాల్ ఎర్లిక్ ఆర్సెనిక్ సమ్మేళనముతో సవాయిరోగమునకు సాల్వర్సాన్ అను మందును 1910లో వాడుకలోనికి తెచ్చెను. మన దేశమున కలకత్తాలో ఉపేంద్రనాథ బ్రహ్మచారి ఆంటిమొని సమ్మేళనముతో యూరియా స్టిబమిన్ అను ఔషధమును కనిపెట్టి, 1920ల నాటికి కాలాజార్ జ్వరముతో మరణించుచున్న అసంఖ్యాకులను రక్షించెను. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియము లవణము ఉన్మాదమును శమింపజేయునని కనుగొనెను. 1965లో అమెరికాలో బార్నెట్ రోసెన్‌బర్గ్, ప్లాటినము కడ్డీలతో విద్యుత్తు పంపిన ద్రవములో సూక్ష్మజీవులు విభజింపబడక పొడవుగా సాగుట చూచి ప్లాటినము సమ్మేళనముల శక్తిని గ్రహించెను. ఆ పరిశోధనయే సిస్‌ప్లాటిన్ అయి, 1978నుండి క్యాన్సరు చికిత్సలో వాడబడుచున్నది.

వీనిలో ఏదియు సుకుమారమైన మందు కాదు. సిస్‌ప్లాటిన్ మూత్రపిండములను దెబ్బతీయగలదు గనుక, ఇచ్చునప్పుడు సెలైను ఎక్కించి కడిగివేయుదురు. లిథియము మేలుచేయు మాత్రకును కీడుచేయు మాత్రకును నడుమ దూరము స్వల్పము గనుక తరచుగా రక్తపరీక్ష చేయుదురు. ఆధునికులును తప్పులు చేసిరి. డయాలసిస్ రోగులకు రక్తములోని భాస్వరము తగ్గించుటకై ఒకప్పుడు అల్యూమినియము హైడ్రాక్సైడును విరివిగా ఇచ్చిరి. అల్యూమినియము పేరుకొని మెదడును, ఎముకలను చెరచుచున్నదని 1970లలో తెలిసినది. తెలిసిన పిమ్మట ఆ పద్ధతి మార్చుకొనిరి. తప్పు జరుగదని కాదు. జరిగిన తప్పు లెక్కకు వచ్చును, దిద్దబడును. మనము నేర్వవలసినది అదియే.

రోగమును చూపించు లోహములు

చికిత్సకేగాక రోగనిర్ణయమునకును లోహసమ్మేళనములు వాడుదురు. కడుపు ఎక్సరేకు ముందు త్రాగించు సున్నపునీరు వంటి ద్రవము బేరియము సల్ఫేటు. బేరియము విషమే. అయినను సల్ఫేటు రూపములో అది కరుగదు. ప్రేగులలో ఎక్సరే కిరణములను అడ్డగించి వాని ఆకారము చూపి, వచ్చిన దారిని పోవును. అదే బేరియము కార్బొనేటైనచో జఠరామ్లములో కరిగి ప్రాణము తీయును. ముందు చెప్పిన ఆహార సంహారముల భేదమునకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను?

ఎముకలను, మూత్రపిండములను చూచుటకు టెక్నీషియము అను లోహపు కిరణశీలరూపమును సూక్ష్మమాత్రలో సూదిద్వారా ఇత్తురు. ఆరుగంటలకు దాని శక్తి సగమగును. ఎం.ఆర్.ఐ. పరీక్షలో కొందరికి ఇచ్చు సూదిమందు గడోలినియము. అది ఒంటరిగా విషము గనుక, దానిని ఒక రసాయనపంజరములో బంధించి ఇత్తురు. మూత్రపిండములు బాగుగా నున్నవారిలో అది పంజరముతో సహా మూత్రమున పోవును. అవి చెడినవారిలో చాలకాలము నిలిచిపోవును; పంజరము వదులైనదైనచో లోహము విడివడును. చర్మము, కీళ్లు గట్టిపడిపోవు ఒక దారుణవ్యాధికి ఇదియే హేతువని 2006లో ఐరోపా వైద్యులు గుర్తించిరి. అప్పటినుండి కిడ్నీరోగులకు ఈ మందును ఆచి తూచి, గట్టి పంజరము గలదానిని మాత్రమే ఎంచి ఇచ్చుచున్నారు.

ఇచ్చట ఒక తెలుగు మహనీయుని తలచుకొనుట ధర్మము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో ఆయుర్వేద కళాశాలయందు బోధించి, పిదప అమెరికా వెళ్లిరి. హార్వర్డులో ఫిస్కే గారితో కలిసి రక్తమూత్రములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. మాలిబ్డినమను లోహపు సమ్మేళనము భాస్వరముతో చేరి, పిమ్మట నీలివర్ణము దాల్చును. నీలిమ ఎంత చిక్కనో భాస్వరము అంత. నేటికిని ప్రయోగశాలలలో భాస్వరపరీక్షకు మాలిబ్డినము సమ్మేళనమునే వాడుచున్నారు. ఆయుర్వేదపు గడప దాటి వెళ్లిన తెలుగువాడు తూనికకు లొంగు శాస్త్రమును చేపట్టి ఉభయవైద్యములకును వన్నె తెచ్చెను.

ఉద్దానపు బిడ్డలకు

ఇక ఆ యువకుని పొట్లమునకు వత్తము. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో కొబ్బరి జీడితోటల నడుమ ఎన్ని ఇండ్లు మూత్రపిండవ్యాధితో కృశించినవో మీకు తెలియును. పరిశోధకులు నీటిని, నేలను, ఎండలో కాయకష్టమును, నొప్పి మాత్రలను, పురుగుమందులను పరిశీలించిరి. ఇదియొక్కటే కారణమని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనకేంద్రము ప్రారంభమైనవి.

మూత్రపిండము దేహమునకు జల్లెడ. సీసము, పాదరసము, గడోలినియము, లిథియము మున్నగునవి బయటికి పోవు ముఖ్యమార్గము అదియే. పాదరసము ఆ జల్లెడనే ముందుగా చెరచును. మార్గము మూసికొనిపోయిన ఇంటిలోనికి లోహమును పంపుట ఎట్టిదో మీరే ఊహింపుడు. ఆరోగ్యవంతుడు తట్టుకొను మాత్రకూడ అట్టివానికి విషము. నేను పొట్లమును తిప్పి పంపుటకు కారణమిదియే. అదే రోగికి డాక్టరు ఇనుము సూదిమందును, భాస్వరము తగ్గించు కాల్షియము, లాంథనము మాత్రలను ఇయ్యవచ్చును. అవియు లోహసమ్మేళనములే, కాని రక్తము పరీక్షించి, మాత్ర నిర్ణయించి, మరల పరీక్షించి ఇచ్చునవి.

లోహములు మనకు పరాయివి కావు. విజయనగరము జిల్లాలో కోడూరు, గర్భాము, గరివిడి ప్రాంతముల మాంగనీసు పందొమ్మిదవ శతాబ్ది చివరనుండి త్రవ్వబడుచున్నది. కోడూరు పేర ఒక శిలకు కోడురైటని పేరు కలిగినది. కలరా దినములలో బావులలో కలిపిన ఊదారంగు పొడి మాంగనీసు సమ్మేళనమే; పుండ్లు కడుగుటకును దానినే వాడితిమి. అదే మాంగనీసు ధూళిని ఏండ్లతరబడి పీల్చిన గనికార్మికునికి కాళ్లు చేతులు వణకు వ్యాధి వచ్చును. భావనపాడు, కళింగపట్నపు తీరపుటిసుకలోని మోనజైటులో లాంథనము, గడోలినియము జాతి ధాతువులున్నవి. భూదేవి ఇచ్చినది భాగ్యమే. దానిని మందుగా మార్చునది మాత్రము మనుష్యుని వివేకము.

భక్తులకు, దాతలకు మనవి

చీటీ లేని పొడిని, ఎవరి చేతినుండి వచ్చినను, నోట వేసికొనకుడు. ఆయుర్వేద ఔషధమైనను లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, తయారుచేసిన తేదీ, ద్రవ్యముల పట్టిక ఉన్నవో లేవో చూడుడు; చదువుకొన్న ఆయుర్వేదవైద్యుని పర్యవేక్షణలోనే వాడుడు. అల్లోపతి డాక్టరునొద్ద ఆయుర్వేదమును, ఆయుర్వేదవైద్యునియొద్ద అల్లోపతిని దాచకుడు.

ఏ స్కానుకు వెళ్లినను సూదిమందు ఇచ్చుటకు ముందే, "మాకు కిడ్నీ జబ్బున్నది" అని నోరు తెరచి చెప్పుడు. సిటీస్కానులో వాడు అయోడిను మందు లోహము కాకపోయినను దానికిని ఈ జాగ్రత్త అవసరమే.

గర్భిణులు, పసిబిడ్డలు, కిడ్నీరోగులు పాదరసము, సీసము, ఆర్సెనిక్ గల మందులజోలికి స్వయముగా పోరాదు. విపణిలో అమ్ము సింధూరములలో కొన్ని సీసపు ఆక్సైడే. ఆంజనేయస్వామి సింధూరమును నుదుట ధరించి చేతులు కడుగుకొనుడు. పిల్లల నోటికి తగులనీయకుడు. స్వామికి సింధూరము అలంకారము, మనకు ఆహారము కాదు.

దాతలకు ఒక విన్నపము. పర్వదినములలో ఉచితముగా మందుపొట్లములు పంచుటకు కొందరు ముందుకు వత్తురు. వారి సంకల్పము గొప్పది. ఆ ధనముతోనే ఆలయప్రాంగణమున ఒకనాడు రక్తములో క్రియాటినిన్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించినచో, తెలియక తిరుగుచున్న రోగి ముందుగా బయటపడును. అన్నదానము ఆకలిని ఒకపూట తీర్చును. సకాలమున చేసిన పరీక్ష ఒక ఇంటి దీపమును నిలుపును.

ఆ యువకుడు పదిదినముల పిమ్మట మరల వచ్చెను. డాక్టరుగారు పొట్లమును తీసికొని పరీక్షకు పంపించిరనియు, తండ్రికి పెట్టలేదనియు చెప్పి, "అయ్య మీకు దండాలు చెప్పమన్నాడు" అనెను. పరీక్షలో ఏమి తేలినదో నేను అడుగలేదు. పెట్టలేదన్న మాట చాలును. అతనిని వెంటబెట్టుకొని మరల స్వామిదర్శనము చేయించి, ఆ తండ్రిపేర అర్చన జరిపించి పంపితిని.

ప్రత్యక్షదైవమైన సూర్యనారాయణుడు లోకమునకు వెలుగునిచ్చునది చూచి నడువుమనియే. కన్నులు మూసికొని మ్రొక్కుదము. కన్నులు తెరచి మందు వేసికొందము.

సర్వే జనాః సుఖినో భవంతు.